మక్క గారెలు: కంకి మొదలు బాండీ వరకు

జూన్, జూలై నెలలలో విత్తిన మొక్కజొన్న భాద్రపదము నాటికి కంకి నిండి గింజ పాలు పోసికొనును. అది మొదలు బతుకమ్మ, దసరా పండుగల వరకు తెలంగాణ పల్లెలలో మక్క గారెలు వేయని ఇల్లు అరుదు. కోస్తా వారు మొక్కజొన్న పొత్తు అందురు. ఇక్కడ మక్క కంకి అందురు. నాటుకోడి పులుసుతో ఈ గారెలు తిన్నవారికి వాటి రుచిని వర్ణించి చెప్పనక్కరలేదు.

వంటయింటి విషయము పంచాయతీ సభ్యులకేల అని కొందరు అడుగవచ్చును. ఇంట నలుగురికి వేయు గారెలు వేరు, జాతరలోనో సంతలోనో పొయ్యి పెట్టి నాలుగు వందల మందికి వేయు గారెలు వేరు. మహిళా సంఘముల సభ్యులు పలువురు ఇట్టి అంగళ్లు పెట్టి నాలుగు డబ్బులు సంపాదించుకొనుచున్నారు. వారికి స్థలము చూపవలసినవారు, నీటి వసతి కల్పింపవలసినవారు మీరే.

మొక్కజొన్న మెక్సికో ప్రాంతమున పుట్టిన పైరు. మన దేశమున 1957లో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పరిశోధన పథకము ఆరంభమైనది. 1961లో విడుదలైన తొలి సంకర రకములలో ఒకదానికి ‘దక్కన్’ అని పేరు పెట్టిరి. నేడు పంటలో అధిక భాగము కోళ్ల దాణాకు, గంజిపొడికి, ఇథనాల్ తయారీకి పోవుచున్నది. పండించినవారి నోటికి నేరుగా చేరునది చాలవరకు ఈ పచ్చి కంకియే.

గారెలు కుదురుట, కుదరకపోవుట సగము కంకిని ఎన్నుకొనుటలోనే ఉన్నది. గింజను గోటితో నొక్కి చూడవలెను. నీళ్ల వంటి పాలు చిమ్మినచో అది కాల్చుకొని తినుటకు, ఉడుకబెట్టుటకు మంచిది, గారెలకు పనికిరాదు. దానిని రుబ్బిన పిండి జారిపోవును, నూనె త్రాగును. కొందరు దానిలో బియ్యపుపిండి కలిపి గట్టిపరచెదరు గాని, అప్పుడు మక్క రుచి తగ్గును. నొక్కినప్పుడు చిక్కని ముద్దవలె గోటికి అంటినచో అదియే గారెల గింజ. గోరు దిగనిచో ముదిరిపోయినదని తెలిసికొని గటకకు, రొట్టెలకు ఉంచుకొనవలెను. కంకి కోసిన క్షణము నుండి గింజలోని చక్కెర పిండిపదార్థముగా మారుచుండును. కనుక ఉదయము కోసినది సాయంకాలమునకు వండుట మేలు. జాతరకు ముందురోజే కంకులు కోసి గోనెలలో కుక్కి ఉంచినచో తీపి తగ్గుటయే గాక, వేడెక్కి పాడగును.

ఆరు నడితరపు కంకులు ఒలిచినచో ఇంచుమించు అర కిలో గింజ వచ్చును. దానికి ఆరేడు పచ్చిమిరపకాయలు, అంగుళము అల్లము, కొన్ని వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర చేర్చి నీరు పోయక రుబ్బవలెను. రెండు గంటలు నానిన గుప్పెడు శనగపప్పును బరకగా నూరి కలుపుట మంచి వాడుక. మొక్కజొన్న మాంసకృత్తులలో లైసిన్, ట్రిప్టోఫాన్ తక్కువ. శనగపప్పులో లైసిన్ సమృద్ధిగా ఉండుటచే ఆ కొరత కొంత తీరును. పెద్దలు ఈ పేర్లు ఎరుగకపోయినను పని ఎరిగియుండిరి. ఉల్లిపాయలు, కొత్తిమీర, ఉప్పు కాల్చుటకు కొంచెము ముందు మాత్రమే కలుపవలెను. ముందుగా ఉప్పు వేసినచో పిండి నీరు విడుచును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయుచున్నాము. పిండి బరకగా ఉండవలెనే గాని గింజ పూర్తిగా మిగులరాదు. నలుగని గింజలోని నీరు కాగిన నూనెలో ఆవిరియై, పొట్టు చీల్చుకొని ప్రేలును. ఆ ప్రేలుడుకు నూనె ముఖముపై, చేతులపై చిందును. మక్క గారెల వద్ద కాలిన గాయములకు ఇది ముఖ్య కారణము. తడిబట్టపైనో ఆకుపైనో గారె ఒత్తి నడుమ చిల్లు పెట్టుట అందమునకు మాత్రమే కాదు. ఆ చిల్లు వలన నడిమి భాగము కూడ సమముగా ఉడుకును. చిటికెడు పిండి వేసినప్పుడు వెంటనే మాడక నురగతో పైకి తేలినచో నూనె సరిగా కాగినట్లు.

ఒంటిపై నూనె పడినచో ఇరువది నిమిషముల పాటు చల్లని పారునీరు పోయవలెను. పసుపు, సిరా, పండ్లపొడి పూయరాదు. గాయము పెద్దదైనను, ముఖముపైనైనను 108కి ఫోను చేయవలెను. బాండీలో మంట లేచినచో పొయ్యి ఆర్పి, వెడల్పు మూతతో కప్పవలెను. నీరు చల్లినచో మంట ఇంటి కప్పునంటును.

నిన్నటి నూనెలో నేడు, నేటి నూనెలో రేపు కాల్చు అలవాటు మంచిది కాదు. 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, పలుమార్లు కాచుటచే మొత్తము ధ్రువ సమ్మేళనములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వాడరాదు. సంతలో ఈ కొలత తీయు సాధనము మీ వద్ద ఉండకపోవచ్చును. నల్లబడి, జిగట పట్టి, త్వరగా పొగ చిమ్ము నూనెను పారబోయించుటకు సాధనమక్కరలేదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ఈ చిన్న అంగళ్లకును వర్తించును.

చేనిలో కూడ చూడవలసినది కలదు. కత్తెర పురుగు 2018లో మన దేశమున కనిపించినది మొదలు మొక్కజొన్నపై మందుల పిచికారీ పెరిగినది. మందు కొట్టిన చేనిలో, డబ్బాపై వ్రాసిన నిరీక్షణ గడువు తీరక ముందు కంకి త్రుంచరాదు. రంగు పూసిన విత్తనము విషముతో శుద్ధి చేసినది. మిగిలినదని కడిగి రుబ్బుట ప్రాణాపాయము.

జాతరకు రెండు రోజులు ముందుగా సభ్యులు స్థలము చూచి, పొయ్యిలను బాటకు, గుడారపు బట్టకు దూరముగా పెట్టించవలెను. పిల్లలు చేరకుండ అడ్డుకర్ర కట్టించుట, ప్రతి పొయ్యి వద్ద మూతను, బకెట్టెడు ఇసుకను ఉంచుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. ఒలిచిన పచ్చి పొత్తులను మురుగు కాలువలో పడనీయక అదే సాయంకాలము పశువులకు పంపవచ్చును. గింజ తీసిన బెండ్లు ఎండినచో పొయ్యిలోనికి వచ్చును.