ఈసారి రివ్యూ ఫోన్ కాదు, జోంగా: బహదూర్‌పురా గల్లీలో ఏడు నెలలు

నేను ఇక్కడ మామూలుగా రాసేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి నా చేతికొచ్చిన డివైస్ బరువు టన్నున్నర పైనే. స్క్రీన్ లేదు, చిప్ లేదు, కంపెనీ సపోర్ట్ 1999లోనే ఆగిపోయింది. పేరు జోంగా. గత ఆగస్టు నుంచి మార్చి దాకా నా ప్రతి శనివారం, ఆదివారం బహదూర్‌పురాలో జూపార్క్ వెనక ఉన్న ఒక చిన్న షెడ్డులో దీని కిందే గడిచిపోయింది.

అసలు ఇదేం బండి?

చాలామంది దీన్ని "పెద్ద జీపు" అంటారు. నిజానికి దీని మూలం జీపు కాదు, నిస్సాన్ పెట్రోల్ 60 సిరీస్. ఇక్కడ "పెట్రోల్" అంటే ఇంధనం కాదు, గస్తీ అని అర్థం. ఆ డిజైన్‌ని లైసెన్స్ మీద తెచ్చుకుని జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో మన సైన్యం కోసం 1969 నుంచి 1999 వరకు తయారు చేశారు. జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే మాటల్లోంచి అక్షరాలు ఏరి జోంగా అని పేరు పెట్టారు. 2019లో ధోనీ ఒకటి కొనుక్కున్నాక క్రికెట్ చూసేవాళ్లకు కూడా ఈ పేరు తెలిసింది.

స్పెక్స్ సింపుల్‌గా చెప్తా. ఒకే లైన్లో ఆరు సిలిండర్లు, 3956 సీసీ పెట్రోల్ ఇంజిన్, 110 హార్స్‌పవర్. నిచ్చెన లాంటి ఛాసిస్, ముందు వెనక కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఈసీయూ లేదు కాబట్టి ఓబీడీ స్కానర్ పెట్టడానికి సాకెట్టే ఉండదు. బండికి ఏమైందో మీ చెవి, ముక్కు, మల్టీమీటర్ చెప్పాలి.

బాబాయ్ పెట్టిన గడువు

ఈ బండి మా బాబాయ్‌ది. ఆర్మీ డిస్పోజల్‌లో వచ్చిన 1986 మోడల్‌ని 2006లో కొన్నాడు. బావుల కాంట్రాక్టు పనుల కోసం మహబూబ్‌నగర్ పల్లెలన్నీ దీంట్లోనే తిరిగాడు. నేను క్లచ్, గేరు నేర్చుకున్నది దీని మీదే. 2019 నుంచి టార్పాలిన్ కింద పడి ఉంది. పోయిన వేసవిలో తుక్కు వ్యాపారి వచ్చి తొంభై వేలు ఇస్తానన్నాడు. మార్చిలో రిజిస్ట్రేషన్ గడువు కూడా అయిపోతుంది.

"నువ్వు బాగు చేయిస్తానంటే ఆగుతా. మార్చిలోపు ఫిట్‌నెస్ కావాలె. లేకపోతే ఇచ్చేస్త" అన్నాడు బాబాయ్. గొంతులో కోపం లేదు. రోజూ దాన్ని అలా చూడలేకపోతున్నాడని మాత్రం అర్థమైంది.

పాత ఫోర్ బై ఫోర్‌లు చేసే మెకానిక్ కోసం వెతుకుతుంటే ఆఫీసు క్యాబ్ డ్రైవర్ బహదూర్‌పురాలో ఒక చాచా గురించి చెప్పాడు. వయసు డెబ్బై దగ్గర ఉంటుంది. షెడ్డులో అందరికీ ఆయన ఉస్తాద్. నాకు ఉర్దూ అంతంతమాత్రం, ఆయనకి తెలుగు అంతంతమాత్రం. మధ్యలో బండి ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. పిచ్చి పిచ్చి ఆకారాల్లో నడిచే కార్లతో ఉన్న సుధా కార్స్ మ్యూజియం కూడా ఈ ఏరియాలోనే. 2005లో గిన్నిస్‌కెక్కిన 41 అడుగుల ఎత్తైన మూడు చక్రాల సైకిల్ తయారుచేసింది ఆ మ్యూజియం సుధాకర్ గారే. ఇనుముతో ఏదైనా చేయొచ్చని నమ్మే మనుషులకి ఇక్కడ కొదవ లేదు.

ఇంజిన్ మార్చాలా, బాగు చేయాలా?

ఇంటర్నెట్‌లో చదివి నేను ముందే డిసైడ్ అయి వెళ్లా. పెట్రోల్ ఇంజిన్ తీసేసి ఏదో ఒక డీజిల్ ఇంజిన్ పెట్టించాలని. మైలేజ్ మీద ఆశ. ఉస్తాద్ అలాంటివి చాలానే చేశాడు. అయినా ఒప్పుకోలేదు.

"బేటా, ముందు దీనికి ఏం రోగమో చూడు. చూడకుండనే మార్చుడేంది?"

సరే అని కంప్రెషన్ టెస్ట్ చేశాం. ఆరు స్పార్క్ ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టాలి. ఐదు సిలిండర్లలో 110 నుంచి 115 పీఎస్‌ఐ వచ్చింది. మూడో దాంట్లో 70. ఇప్పుడు అసలు డీబగ్గింగ్. ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, ఎందుకంటే ఆయిల్ ఆ సందుని కాసేపు మూస్తుంది. పెరగకపోతే తప్పు పైన ఉన్న వాల్వుల్లో. మాది 72 దగ్గర ఆగింది. ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరాని ప్లగ్ రంధ్రంలోంచి దింపి చూస్తే సిలిండర్ గోడలు శుభ్రంగా ఉన్నాయి. ఉస్తాద్ నా ఫోన్ తీసుకుని ఆ వీడియో మూడుసార్లు చూశాడు. నా గ్యాడ్జెట్లలో ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

హెడ్ విప్పితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోయి ఉంది. దీని వెనక ఒక కథ ఉంది. పాత రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్లు. వాల్వ్ కూర్చునే చోట అది ఒక పలచని పొరలా పనిచేసి అరుగుదలని తగ్గించేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చేసింది. గాలికి మంచిదే. కానీ మెత్తటి వాల్వ్ సీట్లున్న పాత ఇంజిన్లలో అరుగుదల పెరుగుతుంది. లేత్ షాపులో గట్టి సీట్లు కొట్టించి, కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు వేయించాం. ఇంజిన్ మార్పిడికి నేను అనుకున్న బడ్జెట్‌లో ఇది పావు వంతు కూడా కాలేదు. తిరిగి బిగించేటప్పుడు ప్లగ్ వైర్ల వరస గుర్తుండాలని 1-5-3-6-2-4 అని షెడ్డు గోడ మీద చాక్‌పీస్‌తో రాశా. ఇప్పటికీ అక్కడే ఉంది.

వైరింగ్‌లో మల్టీమీటర్ పని తీర్చింది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే హెడ్‌లైట్ దగ్గరికి 10.4 మాత్రమే వస్తోంది. కరెంటంతా డ్యాష్‌బోర్డ్ స్విచ్ గుండా తిరిగి రావడమే కారణం. రిలేలు పెట్టి మందమైన వైరు లాగితే 12.1 వచ్చింది. బల్బులు మార్చకుండానే వెలుగు మారిపోయింది.

ఈ20 సంగతి

పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఇది చదవాలి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2030 నుంచి ముందుకు జరిపింది. 2025లో ఆ స్థాయికి చేరింది కూడా. కార్బ్యురేటర్ బండికి దీంతో మూడు ఇబ్బందులు.

ఒకటి, రబ్బరు. పాత పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కి ఉబ్బి, మెత్తబడి, చివరికి పగులుతాయి. వేడెక్కిన ఇంజిన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండు, నీళ్లు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన బండిలో నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకి దిగి తుప్పు పట్టిస్తాయి. మూడు, మిక్చర్. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. పాత జెట్‌తో ఇంజిన్ లీన్‌గా నడిచి వేడెక్కుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారైతే సెన్సర్ చూసి సర్దుకుంటుంది. మా బండికి ఆ సర్దుబాటు నేనే చేయాలి.

మేం వైటాన్ రకం పైపులు వేశాం, డయాఫ్రమ్ మార్చాం, ట్యాంకు దింపి కడిగించాం, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాం. మైలేజ్? లీటరుకి ఐదు కిలోమీటర్లు దాటలేదు. నవ్వుకోండి.

నేను చేసిన తప్పు

జనవరి చివరికి బ్రేకుల పని మొదలైంది. ఉస్తాద్ అన్ని రబ్బరు గొట్టాలూ మార్చమన్నాడు. ముందు చక్రాలకి దొరికాయి. వెనక గొట్టం మాత్రం రాణీగంజ్‌లో రెండు శనివారాలు తిరిగినా సరైన కొలతది దొరకలేదు. పాతది బయటికి నున్నగా, కొత్తదానిలా కనబడింది. "ఇది మంచిగనే ఉంది చాచా, తర్వాత మారుద్దాం" అన్నా. ఆయన ఒప్పుకోలేదు, గట్టిగా కాదనలేదు. రిలీజ్ డేట్ దగ్గర పడితే మనం టెస్టింగ్ ఎలా కుదిస్తామో మీకు తెలుసు కదా. అదే చేశా.

ఫిబ్రవరిలో మొదటి టెస్ట్ డ్రైవ్. పక్కన ఉస్తాద్, మీర్ ఆలం ట్యాంకు వైపు వాలు రోడ్డు. మూడుసార్లు బ్రేక్ బాగానే పడింది. నాలుగోసారి పెడల్ నేల దాకా వెళ్లిపోయింది. మా బండిలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేక్ సర్క్యూట్. ఒక్కచోట ఆయిల్ కారితే మొత్తం పోయినట్టే. సెకండ్ గేర్‌లో ఉన్నాం కాబట్టి వేగం తక్కువే. ఉస్తాద్ చెయ్యి నా చెయ్యి కంటే ముందే హ్యాండ్ బ్రేక్ మీద పడింది. కొబ్బరి బోండాల బండికి రెండడుగుల దూరంలో ఆగాం. ఆ బండి వెనక స్టూల్ మీద ఒక పిల్లాడు కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్నాడు. వాడు తలెత్తి కూడా చూడలేదు.

ఉస్తాద్ తిట్టలేదు. మర్నాడు ఆ గొట్టాన్ని బ్లేడుతో నిలువునా కోసి నా చేతిలో పెట్టాడు. బయట నున్నగా ఉన్న రబ్బరు లోపల ఉబ్బి, పొరలు పొరలుగా ఊడి ఉంది.

"బయట చూసి పాస్ చేసినవ్ బేటా."

ఆ రోజు నుంచి బ్రేకుల్లో "తర్వాత" అనే మాట తీసేశాం. వెనక గొట్టాన్ని నమూనా ఇచ్చి చేయించాం. ఇనుప పైపులు, వీల్ సిలిండర్ వాషర్లు, మాస్టర్ సిలిండర్ కిట్ అన్నీ కొత్తవి. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చుకుంటుందని మర్చిపోవద్దు. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హామీ 140కి పడిపోతుంది. అందుకే నడిపినా నడపకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. బండి తీసే ముందు పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతుంటే బయటికి వెళ్లొద్దు.

కాగితాలు కూడా బండిలో భాగమే

ప్రైవేటు బండికి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. "వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు కదా" అని ఫ్రెండ్స్ అడిగారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ హోదా. నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ రోజువారీ తిరగడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేరు లాంటి పనులకే. 1986 మోడల్‌కి ఎలాగూ వర్తించదు.

డీజిల్ మార్పిడికి ఉస్తాద్ ఎందుకు ఒప్పుకోలేదో ఇక్కడ పూర్తిగా అర్థమైంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఆర్‌సీలో పెట్రోల్, బానెట్ కింద డీజిల్ ఉంటే ఫిట్‌నెస్ దగ్గరే బండి ఆగిపోయేది.

ఒక జాగ్రత్త. ఈ బండిలో ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేది కాదు, లీవర్‌తో వేసుకోవాలి. సెంటర్ డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, కానీ లీవర్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. బురదలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద సర్దుకోదు, గేర్లు బిగుసుకుపోతాయి. రీల్ కోసం సిటీలో లీవర్ లాగొద్దు.

ఎంతైంది, ఎవరికి?

హెడ్ పని 31 వేలు, బ్రేకులు 34 వేలు, ఫ్యూయల్ సిస్టమ్ 22 వేలు, వైరింగ్ 18 వేలు, టైర్లు 48 వేలు, బాడీ వెల్డింగ్, పెయింట్ 55 వేలు, ఉస్తాద్ కూలి 40 వేలు. మొత్తం 2,48,000 రూపాయలు, ఏడు నెలల వీకెండ్లు.

రోజూ ఆఫీసుకి వెళ్లడానికి ఒక బండి కావాలంటే ఇది వద్దు. ఏసీ లేదు, స్టీరింగ్ బరువు, పెట్రోల్ తాగేస్తది. తుప్పు ఛాసిస్‌కి పట్టి ఉన్నా, ఆర్‌సీ సరిగ్గా లేకపోయినా ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. నమ్మకమైన మెకానిక్, ఓపిక, పక్కన పెట్టిన డబ్బు మూడూ ఉంటేనే దిగండి.

మార్చి రెండో వారంలో ఫిట్‌నెస్ పాస్ అయింది. బాబాయ్ వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, డోర్ తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. తాళం చెవి ఇస్తే ముందు ఉస్తాద్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టాడు. నేను వెనక ఎక్కాను. గల్లీ దాటి జూపార్క్ ముందు నుంచి ఆరాంఘర్ ఫ్లైఓవర్ ఎక్కాం. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు, అయినా దారంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంజిన్ చప్పుడులో నాకేం వినబడలేదు.

స్పీడోమీటర్ ఇంకా పనిచేయడం లేదు. కేబుల్ దొరికింది, ఈ శనివారం వేయాలి.