యాప్‌ఆర్మర్

యాప్‌ఆర్మర్ అనునది లినక్స్ కెర్నెల్‌లో పనిచేయు ఒక భద్రతా మాడ్యూల్. ఒక్కొక్క అనువర్తనము ఏ ఫైళ్ళను చదువవచ్చునో, వేటిలో వ్రాయవచ్చునో, ఏ ఇతర ప్రోగ్రాములను నడుపవచ్చునో నిర్ణయించి, అది ఆ హద్దు దాటకుండ చూచును. ఈ హద్దులను వ్రాసియుంచు ఫైలును ప్రొఫైల్ అందురు. ప్రొఫైళ్ళ తయారీ, అమలు, సవరణ సాధారణముగా కమాండ్ లైన్ ద్వారా జరుగును.

ఆవశ్యకత

లినక్స్‌లో ప్రతి ఫైలుకు యజమాని, సమూహము, ఇతరులు అను విభజన ప్రకారము అనుమతులు ఉండును. అయితే వాడుకరి నడిపిన ప్రోగ్రాముకు ఆ వాడుకరి అధికారములన్నియు సంక్రమించును. పీడీఎఫ్ పత్రములను చూపు ప్రోగ్రాములో లోపమున్నదనుకొందము. దురుద్దేశముతో తయారుచేసిన పత్రమొకటి ఆ లోపము ద్వారా ప్రోగ్రామును లోబరచుకొన్నచో, వాడుకరి సొంత ఫైళ్ళన్నియు దానికి అందుబాటులోనికి వచ్చును. ప్రొఫైల్ అమలులో ఉన్నచో, మామూలు అనుమతులు ఉన్నప్పటికిని ప్రొఫైల్‌లో లేని ఫైలును కెర్నెల్ ఇవ్వదు.

చరిత్ర

ఇమ్యునిక్స్ సంస్థ 1998లో దీనిని సబ్‌డొమైన్ అను పేరుతో ప్రారంభించినది. 2005లో నోవెల్ సంస్థ ఇమ్యునిక్స్‌ను కొనుగోలు చేసిన పిమ్మట యాప్‌ఆర్మర్ అను పేరు వచ్చినది. 2009 నుండి దీని అభివృద్ధికి కెనానికల్ సంస్థ తోడ్పడుచున్నది. 2010 అక్టోబరులో విడుదలైన 2.6.36 కెర్నెల్‌లో ఇది చేరినది. 2019లో వెలువడిన డెబియన్ 10 నుండి డెబియన్‌లోను అప్రమేయముగా అమలగుచున్నది.

ప్రొఫైల్ స్వరూపము

ప్రొఫైళ్ళు ఈటీసీ డైరెక్టరీలోని యాప్‌ఆర్మర్.డి అను ఉపడైరెక్టరీలో మామూలు పాఠ్య ఫైళ్ళుగా ఉండును. ప్రతి నియమములో ఫైలు మార్గము, దాని ప్రక్కన అనుమతి అక్షరములు ఉండును. ఆర్ అనగా చదువుట, డబ్ల్యూ అనగా వ్రాయుట. సెలినక్స్ ప్రతి ఫైలుకు అంటించిన గుర్తును బట్టి నిర్ణయించగా, యాప్‌ఆర్మర్ ఫైలు మార్గమును బట్టి నిర్ణయించును. అందుచేత దీని నియమములను చదివి అర్థము చేసికొనుట సులభము.

ప్రొఫైల్‌కు ముఖ్యముగా రెండు స్థితులు కలవు. ఎన్‌ఫోర్స్ స్థితిలో నియమోల్లంఘన నిరోధింపబడును. కంప్లెయిన్ స్థితిలో ఉల్లంఘనను సాగనిచ్చి, లాగ్‌లో నమోదు చేయును. అయితే డినై అను పదముతో స్పష్టముగా నిషేధించినవి కంప్లెయిన్ స్థితిలో కూడ నిరోధింపబడును.

ముఖ్యమైన ఆదేశములు

ఈ ఆదేశములను రూట్ అధికారముతో, అనగా సుడో చేర్చి ఇవ్వవలెను.

* ఏఏ-స్టేటస్: ఏ ప్రొఫైళ్ళు ఏ స్థితిలో ఉన్నవో చూపును.
* ఏఏ-ఎన్‌ఫోర్స్, ఏఏ-కంప్లెయిన్: ప్రొఫైల్‌ను ఆయా స్థితులకు మార్చును.
* ఏఏ-డిసేబుల్: ప్రొఫైల్‌ను నిలిపివేయును.
* ఏఏ-అన్‌కన్‌ఫైన్డ్: నెట్‌వర్కుపై వినుచు, ప్రొఫైల్ లేకుండ నడచుచున్న ప్రాసెస్‌లను తెలుపును.
* ఏఏ-జెన్‌ప్రాఫ్: క్రొత్త ప్రొఫైల్‌ను తయారుచేయును.
* ఏఏ-లాగ్‌ప్రాఫ్: లాగ్‌లోని నమోదులను చూపి, ప్రొఫైల్‌కు సవరణలు సూచించును.

క్రొత్త ప్రొఫైల్ తయారీ

ఒక టెర్మినల్‌లో ఏఏ-జెన్‌ప్రాఫ్ ఆదేశమును, దాని ప్రక్కన ప్రోగ్రాము పేరును ఇవ్వవలెను. మరియొక టెర్మినల్‌లో ఆ ప్రోగ్రామును నడిపి, తెరచుట, భద్రపరచుట, ముద్రించుట వంటి నిత్య కార్యములన్నియు చేయవలెను. పిమ్మట లాగ్‌ను పరిశీలింపజేసినచో, ప్రోగ్రాము కోరిన ప్రతి ఫైలును గురించి అనుమతింతురా, నిరాకరింతురా అని ప్రశ్న వచ్చును. సమాధానములే నియమములగును.

జాగ్రత్తలు

ప్రశ్నలన్నింటికి ఆలోచింపక అనుమతి ఇచ్చినచో ప్రొఫైల్ పేరుకు మాత్రమే మిగులును. మరీ బిగించినచో ప్రోగ్రాము పనిచేయక, విసిగిన వాడుకరి ప్రొఫైల్‌నే నిలిపివేయును. కావున కొన్ని దినములు కంప్లెయిన్ స్థితిలో నడిపి, ఏఏ-లాగ్‌ప్రాఫ్‌తో సరిదిద్ది, ఆ తరువాత ఎన్‌ఫోర్స్ స్థితికి మార్చుట మేలు. అప్పటికే నడచుచున్న ప్రోగ్రాముకు క్రొత్తగా ఎక్కించిన ప్రొఫైల్ వర్తించదు. ప్రోగ్రామును ఆపి తిరిగి ప్రారంభించవలెను. ఈ సంగతి మరచినచో, రక్షణ లేకున్నను ఉన్నదను భ్రమ కలుగును. ఏఏ-స్టేటస్‌తో సరిచూచుకొనుట ఉత్తమము.