చెరువుగట్టు మీద ఒక పూట

పిల్లలూ!

వానలు వెలిసిన తరవాత పొలంగట్ల మీద తూనీగలు గుంపులు గుంపులుగా ఎగరటం మీరందరూ చూసే ఉంటారు. మీలో కొందరు చప్పుడు కాకుండా వెనకనుంచి వెళ్ళి, తూనీగ తోక పట్టుకుని, దానికి దారం కట్టి గాలిపటంలాగా ఎగరేసి కూడా ఉంటారు. సిగ్గుపడకండి. మీ వయసులో నేనూ ఆ పని చేసినవాణ్ణే! అది తప్పని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా మేము వినేవాళ్ళం కాదేమో.

నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి, హెడ్మాస్టరుగా ఉండగా రిటైరయ్యాను. "ప్రాణులను హింసించరాదు" అని పిల్లల చేత ఎన్నోసార్లు పలకల మీద రాయించాను. వాళ్ళు చక్కగా రాసేవారు. బడి విడవగానే చక్కగా తూనీగలు పట్టేవారు! అటువంటి పిల్లల మనసు మార్చిన వస్తువులు ఏమిటో తెలుసునా? ఒక తెల్లని పింగాణీ పళ్ళెమూ, టీ వడకట్టే జాలీ! ఆ కథే ఇప్పుడు చెబుతాను.

ఇది సుమారు పదిహేనేళ్ళ కిందటి మాట. వానాకాలం వెళ్ళిపోతున్న రోజులు. నాలుగు, అయిదు తరగతుల పిల్లలను శనివారం ఉదయం మా ఊరి చెరువుకు తీసుకుపోదామని అనుకున్నాను. ఆ మాట విని ఒక రైతు బడికి వచ్చాడు. ఆయన కొడుకు నాలుగో తరగతి.

"మాస్టారూ, మావాణ్ణి చదువుకోమని పంపిస్తున్నాం గాని చేపలు పట్టమని కాదు. పైగా చెరువంటే నీళ్ళు. ఏదన్నా జరిగితే ఎవరిది పూచీ?" అన్నాడాయన.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుచేత నేను కొన్ని కట్టుబాట్లు చేశాను. పిల్లలెవరూ నీళ్ళలో దిగరాదు. నీరు మోకాటి లోతుకు మించని మూల దగ్గర, గట్టు మీద నిలబడే పని చెయ్యాలి. ప్రతి ఏడుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి. పట్టిన ప్రాణిని చూసి, ఎక్కడ పట్టామో అక్కడే వదిలిపెట్టాలి. తిరిగి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఎవరూ ఏమీ తినరాదు. ఇవన్నీ విని ఆ రైతు, "అయితే ఆ పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి అవుతాను," అన్నాడు.

ఆ విధంగా ఇరవై ఎనిమిది మంది పిల్లలమూ, నలుగురు పెద్దలమూ బయలుదేరాము.

చెరువు చేరగానే మొదట బురదను చూడమన్నాను. బురదలో ఏముంటుంది? అడుగులుంటాయి! కొంగ అడుగు మూడు వేళ్ళు ముందుకీ, ఒక వేలు వెనక్కీ చాచినట్టుంటుంది. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు కనపడతాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది గనక దాని అడుగులో గోళ్ళ గుర్తులు ఉండవు. ఈ ఒక్క సంగతితో కుక్క నడిచిందో పిల్లి నడిచిందో పోల్చవచ్చు. ఒక కొంగ అడుగు చుట్టూ అట్టముక్క గుండ్రంగా నిలబెట్టి, రెండు పాళ్ళ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పిండిలో ఒక పాలు నీళ్ళు కలిపి అందులో పోశాము. అరగంటకు అది గట్టిపడింది. పైకి తీస్తే కొంగ అడుగు అచ్చు మా చేతికి వచ్చింది! ఆ అచ్చు చాలా ఏళ్ళు మా బడి బీరువాలో ఉన్నది.

తరవాత కర్రకు కట్టిన టీ జాలీతో నీటిమొక్కల మధ్య దేవి, దానిలోకి వచ్చినదాన్ని తెల్ల పళ్ళెంలో ఉన్న నీళ్ళలో వదిలాము. చెరువులో మురికిలాగా కనపడినదంతా ఆ తెల్లటి అడుగు మీద ప్రాణం పోసుకుని కదలసాగింది. నత్తలు, తోకకప్పలు, తలకిందులుగా వేలాడే దోమపిల్లలు, తెడ్లలాంటి కాళ్ళతో ఈదే పురుగులు! పిల్లలు పళ్ళెం చుట్టూ మూగి భూతద్దం కోసం పోట్లాడుకున్నారు.

అందులో ఒక వికారమైన పురుగు ఉన్నది. మట్టిరంగు, ఆరు కాళ్ళు, పెద్ద కళ్ళు. "తేలుపిల్ల! తేలుపిల్ల!" అని కొందరు వెనక్కి గెంతారు. అది కదలకుండా కూచుని, దగ్గరికి వచ్చిన దోమపిల్లను రెప్పపాటులో పట్టి నమలసాగింది. దాని కింది పెదవి మడతపడి ముఖం కింద దాగి ఉంటుంది. ఆహారం కనపడగానే ఆ పెదవి చెయ్యి చాచినట్టు ముందుకు దూసుకువస్తుంది. పెదవి కొసన కొక్కేలుంటాయి.

"ఇది ఎవరి పిల్లో చెప్పగలరా?" అని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు.

అది తూనీగ పిల్ల!

తూనీగ నీళ్ళలోనూ, నీటిమొక్కల మీదా గుడ్లు పెడుతుంది. గుడ్డులోనుంచి వచ్చిన పిల్ల నీళ్ళలోనే పెరుగుతుంది. దాని మొప్పలు ఎక్కడుంటాయో తెలుసునా? పొట్ట చివర, లోపల! వెనకనుంచి నీరు పీల్చి ఊపిరి తీసుకుంటుంది. అపాయం వస్తే ఆ నీటినే బలంగా వెనక్కి చిమ్మి తాను ముందుకు దూసుకుపోతుంది. పెరుగుతున్నకొద్దీ పదిసార్లకు అటూ ఇటూగా కుబుసం విడుస్తుంది. మన వానగుంటల్లో పెరిగే కొన్ని జాతుల పిల్లలు నెలా రెండు నెలల్లోనే పెద్దవైపోతాయి. చల్లని దేశాలలో కొన్నిటికి ఏళ్ళు పడుతుంది.

ఆ రైతు కొడుకు అంతసేపూ పళ్ళెం వదలలేదు. వాడి లాగు జేబులోనుంచి దారపుండ కొస ఒకటి బయటికి వేలాడుతున్నది. అది ఎందుకో నాకు తెలుసు. నేనేమీ అనలేదు.

ఆ పిల్లలలో ఒకదాన్ని బడికి తీసుకుపోదామని పిల్లలు పట్టుబట్టారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. అందుకు కారణం ఉన్నది. అంతకు ముందు ఏడాది నేను చెరువులో దొరికినవన్నీ ఒకే సీసాలో వేసి బడికి తెచ్చాను. మర్నాటి ఉదయానికి తోకకప్పల్లో చాలాభాగం తూనీగ పిల్ల తినేసింది. మిగిలినవి గాలి చాలక చచ్చిపోయాయి. తప్పు పూర్తిగా నాదే. పిల్లల ముందు ఆ సీసా పారబోస్తున్నప్పుడు నాకు తలెత్త బుద్ధి కాలేదు. అందుచేత ఈసారి ఒక్క తూనీగ పిల్లనే, వెడల్పు మూతి ఉన్న పెద్ద గాజుజాడీలో, చెరువు నీళ్ళతోనూ నీటిమొక్కలతోనూ సహా తెచ్చాము. రోజూ తొట్టినీళ్ళలోనుంచి దోమపిల్లలను తెచ్చి వేసే పని ఆ రైతు కొడుకు తీసుకున్నాడు.

"జాడీలో ఒక పుల్ల నిలబెట్టాలి. పెద్దదైనప్పుడు అది ఎక్కి బయటికి రావాలి గదా!" అన్నాను. పుల్ల నిలబడలేదు, పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు వాడు జేబులో దారపుండ తీసి, జాడీ మూతికి అడ్డంగా కట్టి, పుల్లను దానికి బిగించాడు.

దారం చూసి ఒక పిల్ల అన్నది: "మాస్టారూ, వీడు దీంతోనే తూనీగ తోకలు కడతాడు!"

అప్పుడు నేను వాళ్ళకు ఒక సంగతి చెప్పాను. మనం తోక అనుకునేది తోక కాదు, తూనీగ పొట్ట! అందులో పది కణుపులుంటాయి. తిన్న తిండి అరిగేది అందులోనే. పొట్టకు రెండు పక్కలా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటి గుండా గాలి లోపలికి పోతుంది. "మీ నడుముకు ఎవరైనా మోకు బిగించి, దాని కొసన బండరాయి కట్టి పరిగెత్తమంటే ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. రైతు కొడుకు తన కడుపు తడుముకుని చూసుకున్నాడు.

తొమ్మిదో రోజున వాడు వచ్చి, "మాస్టారూ, అది రెండు రోజులుగా ఏమీ తినటం లేదు. తల నీళ్ళ పైకి పెట్టుకుని కూచుంటున్నది. జబ్బు చేసిందేమో!" అన్నాడు ఏడుపుముఖంతో. "జబ్బు కాదు, సమయం వచ్చింది. రేపు తెల్లవారుజామున రా," అన్నాను.

మర్నాడు ఇంకా చీకటిగా ఉండగానే వాడు వచ్చాడు. చీకట్లో ఒంటరిగా పంపటం ఇష్టంలేక తండ్రి కూడా టార్చిలైటు పట్టుకుని వెంట వచ్చాడు. తూనీగ పిల్ల అప్పటికే పుల్ల సగం ఎక్కి ఉన్నది. వీపు మీద చర్మం చిట్లింది. అందులోనుంచి మెల్లగా తల, కాళ్ళు, ముడతలుపడ్డ రెక్కలు, చివరకు పొట్ట బయటికి వచ్చాయి. తడిసిన కాగితంలా నలిగి ఉన్న రెక్కలు, చూస్తుండగానే నిడుపుగా సాగి, గాజులాగా మెరిశాయి. పూర్తిగా ఆరటానికి చాలాసేపు పట్టింది. ఆ మెత్తని సమయంలో ముట్టుకుంటే రెక్క వంకరపోయి, అది ఇక ఎన్నటికీ ఎగరలేదు. వాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఎండ పొడ తగలగానే అది ఒకసారి వణికి ఎగిరిపోయింది. పుల్ల మీద ఖాళీ కుబుసం మిగిలింది.

"ఇది మా పొలంలో తిరిగే తూనీగేనా?" అన్నాడు రైతు. అవునన్నాను. పెద్ద తూనీగలు దోమలనూ, వరిని పీల్చే దోమపోటు పురుగులనూ, రెక్కల పురుగులనూ పట్టి తింటాయనీ, విచ్చలవిడిగా మందు చల్లితే పైరుకు చెడుపు చేసే పురుగులతోపాటు ఇవి కూడా చస్తాయనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "వచ్చే ఏడు చెరువుకు పోయేటప్పుడు నాకు ముందుగా కబురు చెయ్యండి," అన్నాడు.

ఆ కుర్రవాడు ఆ తరవాత తూనీగలు పట్టాడా లేదా అని నేను వెంటపడి చూడలేదు. కాని దారపుండ మా బడి బీరువాలోనే ఉండిపోయింది. వాడు దాన్ని తిరిగి అడగలేదు.

పిల్లలూ, తూనీగను గురించి మరొక వింత చెబుతాను. వానల తరవాత మనకు కనపడే లేత పసుపుపచ్చ తూనీగలలో ఒక జాతి సముద్రం దాటిపోతుంది! హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల్లో తూనీగ పిల్లలు పెరిగేందుకు తగిన చెరువులు దాదాపు లేవు. అయినా ఏటా అక్టోబరులో అక్కడికి తూనీగలు లెక్కలేనన్ని వస్తాయి. ఎక్కడినుంచి? ఛార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకుని, అవి మన దేశంనుంచి గాలివాటున ఎగిరివచ్చి, ఇంకా ముందుకు తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రకటించాడు. వెళ్ళినవే తిరిగి రావు. వాటి పిల్లలూ, మనవలూ తిరిగి వస్తాయని ఆయన అభిప్రాయం. పోనూ రానూ ప్రయాణం 14,000 కిలోమీటర్లకు పైమాటే. రెండు అంగుళాల పురుగుకు ఇది ఎంత దూరమో ఆలోచించండి!

ప్రాణులను చంపే సరదానుంచి వాటిని తెలుసుకునే సరదాకు మారినవారిలో గొప్పవారూ ఉన్నారు. 1896లో పుట్టిన సాలిం అలీ చిన్నతనంలో బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపుపచ్చ మచ్చ ఉన్నది. అదేమిటో తెలుసుకుందామని దాన్ని బొంబాయిలోని ప్రకృతి చరిత్ర సంఘానికి తీసుకుపోతే, అక్కడి కార్యదర్శి మిలార్డ్ దొర ఆ కుర్రవాణ్ణి గదమాయించలేదు. బీరువాల అరలు ఒక్కొక్కటే లాగి, భద్రపరచిన రకరకాల పక్షులను చూపించాడు. ఆ కుర్రవాడే పెద్దవాడై మన దేశపు పక్షుల శాస్త్రానికి పెద్దదిక్కు అయినాడు. ఆయన పుట్టినరోజు నవంబరు 12ను మన దేశంలో పక్షుల దినంగా జరుపుకుంటారు.

మీ బడివారు విహారానికి తీసుకుపోతామంటే సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టుకు తీసుకుపొమ్మని అడగండి. 1976నుంచి అది పక్షుల రక్షితప్రదేశం. చలికాలంలో అక్కడి చెరువులో, నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు మంచి ఎరువు. అందుకే చుట్టుపక్కల రైతులు వాటిని ఆదరిస్తారు. అయితే అక్కడ మనం చేతులతో పని చేయరాదు, కళ్ళతో చేయాలి. గూళ్ళ దగ్గర కేకలు వేస్తే తల్లిపక్షులు బెదిరి లేచిపోతాయి. ఎండకు పిల్లలు మాడిపోతాయి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. 1991లోనే సుప్రీం కోర్టు బడులలో పర్యావరణాన్ని గురించి బోధించి తీరాలని ఆదేశించింది. పుస్తకంలో ఆ పాఠం ఉన్నది, పిల్లలు అప్పగిస్తారు కూడా. కాని కుర్రవాడు ఒకసారి తన చేత్తో దోమపిల్లలు తెచ్చి ఒక ప్రాణిని పోషిస్తే, ఆ పాఠం మళ్ళీ అప్పగించవలసిన అవసరం ఉండదు. దానికి డబ్బు అక్కరలేదు. ఒక తెల్ల పళ్ళెం, ఒక టీ జాలీ, ఒక భూతద్దం, పక్కన కూచునే ఒక పెద్దవారు చాలు.

పిల్లలూ! ఈ ఆదివారం మీ నాన్నగారినో, అమ్మగారినో వెంటపెట్టుకుని దగ్గరలోని నీటిగుంటకు వెళ్ళండి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. పళ్ళెంలో ఏమేమి దొరికాయో బొమ్మలు గీసి, ఎన్ని కాళ్ళున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. తరవాత అన్నిటినీ జాగ్రత్తగా నీళ్ళలో వదిలిపెట్టండి. ఆ గుంట ఒడ్డున గడ్డిపరకలను కూడా కాస్త వెతికి చూడండి. తూనీగ విడిచిపోయిన కుబుసం దొరికితే మీ అదృష్టం! అది మాత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. దానితో తూనీగకు ఇక పని లేదు.