సి ప్రోగ్రాములనుండి డేటాబేసు ఆజ్ఞలు: చంద్రపూర్ తెలుగు పేర్ల పట్టిక

చంద్రపూర్ జిల్లాలో తెలుగు పేర్లు రెండు లిపులలో మనుచున్నవి. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనతో అది బొంబాయి రాష్ట్రమునకు మారి, 1959లో చాందా జిల్లాలో, అనగా నేటి చంద్రపూర్‌లో, చేరినది. ఇంటివారు 'కొమరయ్య' అని పిలుచు పెద్దకు మరాఠీ కాగితముపై 'కోమరయ్యా' అని పేరుండవచ్చును. మరాఠీ వ్రాతలో ఎ-ఏలకు, ఒ-ఓలకు భేదము పాటింపబడదు. ఇట్టి పేర్లతో ఒక సంఘము తన సభ్యుల పట్టికను కంప్యూటరున కెక్కించినదనుకొందము. వెదకినపుడు పేరు దొరకనిచో ఆ మనిషియే లేనివాడగును. కావున వెదకు ప్రోగ్రామును ఎట్లు వ్రాయవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

పట్టికలను ప్రశ్నించు ఎస్‌క్యూఎల్ భాషను ఐబీఎం సంస్థలో చాంబర్లిన్, బాయిస్ అను ఇరువురు రూపొందించి 1974లో ప్రకటించిరి. సి భాష అంతకు కొంచెము ముందు బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ చేత పుట్టినది. ఈ రెంటిని కలుపు సాధనములు పెక్కు కలవు. చిన్న సంఘమునకు రిచర్డ్ హిప్ 2000లో వెలువరించిన ఎస్‌క్యూలైట్ చాలును.

క్రొత్తవారు తరచుగా పొరబడు చోటు ఒకటి కలదు. ఎస్‌క్యూలైట్ పనిముట్టును తెరచి టైపు చేయు పంక్తులు రెండు జాతులవి. 'సెలెక్ట్', 'ఇన్‌సర్ట్' మొదలగునవి డేటాబేసునకు చెందిన వాక్యములు. చుక్కతో మొదలగు 'డాట్-టేబుల్స్', 'డాట్-ఇంపోర్ట్', 'డాట్-మోడ్' అనునవి ఆ పనిముట్టు సొంత ఆజ్ఞలు. కచేరీలో దఫ్తరు వేరు, గుమాస్తా వేరు. "పెద్ద అక్షరములతో వ్రాయుము" అన్నమాట గుమాస్తాకే గాని దఫ్తరునకు తెలియదు. సి ప్రోగ్రాము తిన్నగా దఫ్తరుతో మాటాడును. దానిద్వారా చుక్క ఆజ్ఞను పంపినచో "చుక్కయొద్ద వాక్యదోషము" అని జవాబు వచ్చును. పోస్ట్‌గ్రెస్‌లోని వెనుకగీత ఆజ్ఞలకును, ఒరాకిల్‌లోని 'స్పూల్' వంటివానికిని ఇదే గతి.

గుమాస్తానే పిలువవలెనన్నచో సిలో 'సిస్టమ్', 'పోపెన్' అను ప్రమేయములు కలవు. అవి పనిముట్టును వేరు ప్రోగ్రాముగా నడపును. రాత్రి నకలు తీయుట వంటి పనికి ఇది మేలే. సభ్యుడు టైపు చేసిన పేరును అందులో అతికించుట మాత్రము ప్రమాదము. చిరునామాలో ఇంగ్లీషున 'టీచర్'స్ కాలనీ' అని ఒక కొరకొమ్ము పడినచో వాక్యము అక్కడనే తెగును. దురుద్దేశము గలవాడు ఆ తెగినచోట తన ఆజ్ఞను చొప్పింపగలడు.

సరియైన మార్గము గ్రంథాలయ ప్రమేయములే. 'ప్రిపేర్'తో వాక్యమును సిద్ధపరచి, పేరుండవలసినచోట ప్రశ్నార్థకము నుంచవలెను. 'బైండ్'తో పేరు నందించి, 'స్టెప్'తో ఒక్కొక్క వరుస పొంది, 'ఫైనలైజ్'తో ముగింపవలెను. అప్పుడు కొరకొమ్ము వట్టి అక్షరమే. 'డాట్-టేబుల్స్' చూపునది 'ఎస్‌క్యూలైట్_మాస్టర్' అను పట్టికలో దొరకును. 'డాట్-ఇంపోర్ట్' పనిని ప్రోగ్రామే వరుసవరుసగా చేసికొనవలెను. వరుసలన్నిటిని 'బిగిన్', 'కమిట్' ల నడుమ నుంచనిచో వేల పేర్లకు విసుగు పుట్టునంత కాలము పట్టును.

తెలుగువారికి మరియొక చిక్కు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు. 'రామయ్య' కంటికి మూడక్షరములే అయినను 6 సంకేతములు, 18 బైట్లు. ముగింపు సున్నతో 19. పదునారు బైట్ల స్థలమున కుదించి వ్రాసినచో 'రామయ్' మిగులును. దోష సందేశమేమియు రాదు. పేరు మాత్రము మారిపోవును.

ఇక కొమరయ్య సంగతి. గుమాస్తా ఆజ్ఞలలో దీనికి మందు లేదు, సిలో కలదు. 'క్రియేట్_ఫంక్షన్' అను ప్రమేయముద్వారా ప్రోగ్రాము తన సొంత ప్రమేయమును ఎస్‌క్యూఎల్‌కు నేర్పవచ్చును. యూనికోడులో భారతీయ లిపులు ఒకే వరుసక్రమమున నున్నవి; తెలుగు 'క' సంకేత సంఖ్యనుండి 768 తీసివేసినచో నాగరి 'క' వచ్చును. కనుక తెలుగును నాగరిగా మార్చి, హ్రస్వమైన ఎ, ఒలను దీర్ఘములుగా నెంచి, కడపటి ఆకారమును తొలగించు ప్రమేయము వ్రాసినచో రెండు రూపములును కలియును. ఇది వెదకుటకే గాని, దాచిన పేరును దిద్దుటకు కాదు. కలిసినవారు నిజముగ ఇద్దరు మనుష్యులు కావచ్చును. దొరికిన వరుసలన్నియు చూపి, ఎన్నుకొనుటను మనిషికి విడువవలెను.

ఇట్లు నేర్పిన ప్రమేయము ఆ ప్రోగ్రాము తెరచిన సంబంధమునకే తెలియును. అదే డేటాబేసును పనిముట్టుతో తెరచి అడిగినచో "అట్టి ప్రమేయము లేదు" అనును. గుమాస్తాకును నేర్పవలెనన్నచో దానిని విడిగా సంకలనము చేసి 'డాట్-లోడ్'తో అందింపవలెను.