వెదురు పెట్టిన గడువు

కాల్గరీ జంతు ప్రదర్శనశాలలో పాండాల ప్రాంగణాన్ని 2018 మే నెలలో ప్రారంభించారు. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు. పాండాలను చూపిస్తానని దానికి మాట ఇచ్చాను. సస్కటూన్ నుండి కాల్గరీకి దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. రోజ్‌టౌన్, కిండర్స్లీల మీదుగా ఆల్బెర్టాలో ప్రవేశించి, త్రోవలో డ్రమ్‌హెల్లర్ వద్ద రాక్షసబల్లుల అస్థిపంజరాలు చూసుకుంటూ వెళ్ళినా ఒక్క పగటి ప్రయాణం. పాండాలు 2023 వరకు అక్కడే ఉంటాయని పత్రికలలో చదివాము. ఐదేళ్ళ వ్యవధి ఉండగా తొందరేమి? మొదటి వేసవి ఇండియా ప్రయాణంలో గడిచింది. రెండవది నా పరిశోధన పత్రాల మధ్య గడిచింది. మూడవ వేసవి 2020. ఆ ఏడాది సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పాండాల పేర్లు అర్ షున్, డా మావో. 2013లో చైనా నుండి టొరంటోకు వచ్చాయి. కెనడా గడ్డ మీద పుట్టిన మొదటి పాండా కూనలు, జియా పాన్‌పాన్, జియా యుయేయుయే, 2015 అక్టోబరు 13న అక్కడే అర్ షున్‌కు పుట్టిన కవలలు. 2018లో నాలుగూ కాల్గరీకి చేరాయి. ముందుగా అనుకున్న ప్రకారం కవలలు 2020 జనవరిలో చైనాకు వెళ్ళిపోయాయి. పెద్దవి రెండూ మాత్రం వెదురు కారణంగా గడువుకు ముందే వెళ్ళవలసి వచ్చింది. పెద్ద పాండా ఒక్కొక్కదానికి రోజుకు సుమారు నలభై కిలోల పచ్చి వెదురు కావాలి. అది చైనా నుండి విమానంలో వచ్చేది. మహమ్మారి రోజులలో ఆ విమానాలు ఆగిపోయాయి. వాడిన వెదురును పాండా ముట్టదు. వాటిని స్వదేశానికి పంపివేయాలని 2020 మే నెలలోనే నిర్ణయం జరిగినా, అనుమతి పత్రాలన్నీ సమకూడి అవి బయలుదేరేసరికి నవంబరు 27 అయింది.

"వెదురు దొరక్కపోతే వేరే ఏదైనా తినకూడదా, నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ పూట సరైన సమాధానం చెప్పలేకపోయాను. తరువాత తీరికగా చదివితే తెలిసినదేమంటే, పాండాను గురించి అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న అదే. ఈ శీతకాలంలో సంక్రాంతికి ఇండియా వెళ్ళేటప్పుడు దారి మార్చుకుని, చైనాలోని పాండా సంరక్షణ కేంద్రాలను చూడాలని మేము వేసుకున్న పథకం అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

పాండా ఎలుగుబంటి కుటుంబానికి చెందినది. దాని జీర్ణకోశం మాంసాహారికి ఉండవలసిన జీర్ణకోశమే. ప్రేగు పొట్టిది, ఆవుకు ఉన్నట్లు నాలుగు అరల పొట్ట లేదు, నెమరు లేదు. పాండా జన్యుపటలాన్ని 2009లో ప్రకటించినప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి. సెల్యులోజును విడగొట్టే ఎంజైముకు కావలసిన జన్యువు దానికి లేదు. మాంసపు రుచిని నాలుకకు తెలిపే గ్రాహకానికి సంబంధించిన జన్యువు మాత్రం ఉన్నది గాని, చెడిపోయి పనిచేయడం మానివేసింది. మాంసం అరిగించుకోగల జంతువుకు మాంసం రుచి తెలియదు. వెదురు తినే జంతువుకు వెదురు అరగదు. తిన్న వెదురులో ఆరవ వంతు మాత్రమే ఒంటబడుతుంది, మిగిలినది వచ్చిన దారినే పోతుంది. కనుక పాండా రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు తింటూనే ఉంటుంది. మిగిలిన సమయమంతా నిద్ర.

ఆ నిద్రను సోమరితనమని అనుకునేవారు 2015లో వెలువడిన ఒక పరిశోధనను గమనించాలి. పాండా రోజుకు ఖర్చు చేసే శక్తి, అంతే బరువున్న ఇతర క్షీరదాలు ఖర్చు చేసే దానిలో 38 శాతం మాత్రమేనట. దాని థైరాయిడ్ హార్మోనుల స్థాయి శీతనిద్రలో ఉన్న నల్ల ఎలుగుబంటి స్థాయి కంటే కూడా తక్కువ. వచ్చే రాబడి అంత స్వల్పమైనప్పుడు ఖర్చు అదుపులో పెట్టుకోవలసిందే గదా! ఇంత పొదుపు చేసినా శీతనిద్రకు చాలినంత కొవ్వు కూడదు. అందుచేత మంచులో కూడా తిరుగుతూ తినవలసిందే.

విజయనగరంలో ఉన్న మా అమ్మకు ఫోనులో ఈ ప్రయాణం సంగతి చెప్పాను. "పండాలను చూడాలంటే పూరీ వెళ్ళాలి గాని చైనా ఎందుకురా?" అన్నది. జగన్నాథుని గుడి పండాలు కారు, ఎలుగుబంటి వంటి జంతువులని, వెదురు తప్ప తినవని వివరించాను. "అయితే అరకు వాళ్ళలాగ వెదురు కొమ్ములు కూడా తింటాయా?" అని అడిగింది. మంచి ప్రశ్న. తింటాయి, లేత కొమ్ములంటే వాటికి ప్రీతి. అయితే పచ్చి వెదురు కొమ్ములో టాక్సిఫిల్లిన్ అనే పదార్థం ఉంటుంది. కొమ్మును నలిపినా నమిలినా దానినుండి సయనైడు విడుదల అవుతుంది. మన్యంలో కొమ్ములను నీళ్ళలో బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకుంటారు. రసాయన శాస్త్రం చదవకుండానే కనిపెట్టిన విరుగుడు అది. పొయ్యి లేని పాండా శరీరంలోనే సయనైడును థయోసయనేటుగా మార్చుకుని విసర్జిస్తుంది.

ఇక అసలు ప్రయాణానికి వద్దాం. సిచువాన్ రాష్ట్రంలో చూడదగిన చోట్లు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది చెంగ్డూ నగరపు అంచున ఉన్న పరిశోధన స్థావరం. 1987లో, అడవి నుండి రక్షించి తెచ్చిన ఆరు పాండాలతో ప్రారంభమై నేడు రెండు వందలకు పైగా పాండాలు గల సంస్థ అయింది. ఆ రోజుల అవసరం వెనుక ఉన్నది కూడా వెదురే. వెదురు కొన్ని దశాబ్దాలకు ఒకసారి, ఒక ప్రాంతమంతటా ఒకేసారి పూచి చచ్చిపోతుంది. మిజోరంలో వెదురు పూసినప్పుడల్లా ఎలుకలు పెరిగి కరువు వస్తుందని మనవారు ఎరుగుదురు. సిచువాన్ కొండలలో 1970ల నడుమ అలా జరిగినప్పుడు నూటికి పైగా పాండాలు ఆకలితో చనిపోయాయి. 1983లో మళ్ళీ వెదురు పూచింది. పూర్వం ఒక కొండ మీద వెదురు చస్తే పాండా పక్క కొండకు పోయేది. మధ్యలో పొలాలు, రహదారులు వచ్చాక పోవడానికి దారి లేకపోయింది.

రెండవ విధం వోలాంగ్ లోయ పరిసరాలలోని కేంద్రాలు. 1963లో ఏర్పడిన వోలాంగ్ అభయారణ్యంలోని పాత కేంద్రం 2008 మే 12 నాటి భూకంపంలో దెబ్బతిన్నది. ఒక ఆడ పాండా మరణించింది. తరువాత అదే లోయలో షెన్‌షుపింగ్ అనే చోట కొత్త కేంద్రం కట్టారు. దుజియాంగ్‌యాన్‌లో మరొకటి ఉన్నది. ఆ ఊరిలో క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఆనకట్ట లేకుండానే నదిని చీల్చి పొలాలకు పారించిన కాలువలు నేటికీ పనిచేస్తున్నాయట. గోదావరి జిల్లాల నుండి వచ్చిన నా శ్రీమతికి పాండాల కంటే అవే ఎక్కువ ఆసక్తి. కనుక ఒక రోజు దానికి కేటాయించక తప్పలేదు.

ఏ కాలంలో వెళ్ళాలి? మామూలుగా పాఠశాల సెలవులను బట్టి జూలై అంటాము. అది పొరపాటు. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు దాటితే పాండాలను లోపలి చల్లని గదులలోకి తరలిస్తారు. సందర్శకులకు దక్కేది అద్దాల వెనుక నిద్రపోతున్న ఒక వీపు. డిసెంబరులో చెంగ్డూ సున్నా డిగ్రీలకు దిగువకు దిగడం అరుదు. మైనస్ నలభై చూసిన సస్కటూన్ వారికి అది వసంతం, పాండాకు హుషారైన కాలం. పైగా పాండాలు వసంతంలో జతకడతాయి. ఆడదానికి ఏడాదికి ఒకసారి, రెండు మూడు రోజులు మాత్రమే ఎద కాలం. కూనలు ఎక్కువగా జూలై, సెప్టెంబరుల మధ్య పుడతాయి. పుట్టినప్పుడు బరువు సుమారు నూరు గ్రాములు, తల్లి బరువులో తొమ్మిది వందలవ వంతు. డిసెంబరు నాటికి ఆ కూనలు తప్పటడుగులు వేస్తూ ఉంటాయి. ఏ కాలమైనా ఉదయం మేత వేళకే అక్కడ ఉండాలి. ఒకప్పుడు రుసుము పుచ్చుకుని కూనను ఒడిలో పెట్టి ఫోటో తీయించేవారు. ఆ పద్ధతిని మాన్పించారు. మా అమ్మాయి కొంత నిరాశ పడింది. నాకు సంతోషమే కలిగింది.

చలి అన్నాను కనుక నా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పనివ్వండి. చిన్‌లింగ్ కొండలలో అడవి పాండాలు తాజా గుర్రపు లద్దెలో పొర్లాడి, ముఖమంతా పూసుకోవడం పరిశోధకులు కెమెరాలతో పట్టుకున్నారు. చలి రోజులలోనే ఈ పని చేస్తాయి; ఎండిన లద్దెను పట్టించుకోవు. తాజా లద్దెలో ఎక్కువగా ఉన్నవి బీటా-కేరియోఫిల్లీన్, కేరియోఫిల్లీన్ ఆక్సైడు అనే రెండు రసాయనాలు. మొదటిది మన లవంగాలలో, మిరియాలలో ఉన్నదే. 2020లో వెలువడిన పత్రం ప్రకారం ఈ రెండూ చర్మంలో చలిని పసిగట్టే టి.ఆర్.పి.ఎం.-8 అనే గ్రాహకాన్ని అణచివేస్తాయి. పిప్పరమెంటు బిళ్ళ చప్పరించినప్పుడు నోరు చల్లబడినట్లు అనిపించేది ఈ గ్రాహకం వల్లనే. ఇక్కడ జరిగేది దానికి సరిగ్గా విపర్యయం. ఎలుకలకు ఈ మందు పూస్తే చలికి తట్టుకున్నాయి. పాండా ఉద్దేశం కూడా చలి తప్పించుకోవడమే అని నిశ్చయంగా చెప్పడం నా దృష్టిలో కొంచెం తొందరపాటు. ఎలుక సాక్ష్యం పాండాకు ఎంతవరకు వర్తిస్తుందో చూడాలి. జనవరిలో సస్కటూన్ బస్సు కోసం నిలబడినప్పుడు మాత్రం ఆ పరిశోధన మీద నమ్మకం పెరుగుతుంది.

పథకం ఇంతవరకు వచ్చాక మా అమ్మాయి రెండవ ప్రశ్న వేసింది. ఇప్పుడు దానికి ఆరేళ్ళు కావు గదా. "బోనులో రెండు వందలు పుట్టించి ఏమి లాభం? అడవిలో ఎన్ని ఉన్నాయి?" అన్నది. 2015లో ప్రకటించిన నాల్గవ గణన ప్రకారం అడవిలో 1,864. అంతకు ముందటి లెక్క కంటే ఎక్కువే. ఆ పెరుగుదలను చూసే 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి పాండాను అపాయపు జాబితాలో ఒక మెట్టు కిందికి దింపింది. అయితే ఆ 1,864 ఒకచోట లేవు, 33 గుంపులుగా చీలి ఉన్నాయి. కొన్ని గుంపులలో పది కూడా లేవు. ఈ ముక్కలను కలపడానికే 2021లో పాండా జాతీయ వనాన్ని ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 22,000 చదరపు కిలోమీటర్లు.

బోనులో పుట్టినదానిని అడవికి పంపడం అంత తేలిక కాదు. 2006లో వదిలిన షియాంగ్ షియాంగ్ అనే మగ పాండా ఏడాది తిరగకుండానే చనిపోయింది. అడవి పాండాలతో తగవులలో ఓడిపోయినట్లు కనబడింది. తరువాత పద్ధతి మార్చారు. కూనను తల్లి దగ్గరే, కంచె వేసిన అడవిలో పెంచుతారు. దగ్గరకు పోవలసిన పరిశోధకులు పాండా వాసన పట్టించిన పాండా వేషం వేసుకుని పోతారు. అలా పెరిగిన టావో టావో 2012లో అడవికి వెళ్ళింది, బ్రతికింది. ఈ వేషం మాకు కొత్త కాదు. మన ఊరి చుట్టుపక్కల పొలాలలో సెప్టెంబరు, అక్టోబరులలో దిగే తెల్లని వూపింగ్ క్రేన్ పక్షులు 1941లో అడవిలో ఇరవై ఒకటి మాత్రమే మిగిలాయి. వాటి పిల్లలను పెంచేవారు కూడా తెల్లని ముసుగు తొడుక్కుని, పక్షి తల తొడిగిన చేతితో మేత పెట్టేవారు. ఉడ్ బఫలో నుండి టెక్సాస్‌కు పోయే గుంపు ఇప్పుడు ఐదు వందలు దాటింది.

ఆ ప్రశ్నకు మరొక సమాధానం కూడా ఉన్నది. అది అంత సంతోషకరమైనది కాదు. పాండాను కాపాడితే ఆ అడవిలోని సమస్త జీవులూ బాగుపడతాయని చాలాకాలం చెప్పుకున్నారు. 2020లో వెలువడిన పరిశీలనలో, పాండా ఉండే ప్రాంతాలలో 1960ల తరువాత చిరుతపులి తిరిగే నేల 81 శాతం, మన నల్లమలలో కూడా ఉండే రేచుకుక్క తిరిగే నేల 95 శాతం తరిగిపోయిందని తేలింది. రేచుకుక్కను చూడడానికి విమానం ఎక్కేవారు ఎవరు? టిక్కెట్లు కొన్న నేను కూడా ఎక్కడం లేదు.

ప్రయాణపు కాగితం మీద మా అమ్మాయి తన చేతితో కొన్ని మార్పులు చేసింది. చెంగ్డూకు మూడు రోజులు పెట్టిన చోట ఒకటి కొట్టివేసి వోలాంగ్‌కు కలిపింది. అక్కడి కొండలలో పాండా కనబడకపోవచ్చునని చెప్పాను. ఫరవాలేదు, వెదురు కనబడుతుంది గదా అన్నది. లవంగాల డబ్బా ఒకటి సామానులో పెట్టమని మా అమ్మ సలహా, చలికి పనికివస్తాయట.