87వ వంతు షెడ్డుకు తుప్పు పట్టించడం

మోడల్ రైల్వే కట్టేవారిలో చాలామంది ఇంజన్ల మీద పెట్టే శ్రద్ధ పట్టాల పక్కనుండే కట్టడాల మీద పెట్టరు. నిన్న కట్టినట్టు మెరిసే గోదాముల ముందు గూడ్సు బండి ఆగితే కన్ను నమ్మదు. ఈ లోటును ముందుగా గుర్తించినవారిలో అమెరికా ఫొటోగ్రాఫర్ జాన్ అలెన్ ఒకరు. మాంటెరీలోని తన ఇంట్లో కట్టిన రైల్వేకు ఆయన మసి, తుప్పు, దుమ్ము పట్టించాడు. 1973లో ఆయన పోయాక కూడా ఈ కళను నేర్చుకునేవారు ఆ రైల్వే ఫొటోలనే చూస్తున్నారు.

మనకు నేర్చుకోవడానికి హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం చాలు. అక్కడి ప్రతి రేకుల షెడ్డు మీదా వాన, గాలి, పొగ చేసిన పని కనిపిస్తుంది.

హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు కొలతలో, 9 మీటర్ల షెడ్డు సుమారు 10 సెంటీమీటర్లకు తగ్గుతుంది. కొలతలు తగ్గుతాయి కానీ నీటి తలతన్యత తగ్గదు. 2.5 మిల్లీమీటర్ల మామూలు నీటిచుక్క ఆ షెడ్డు గోడ మీద జానెడు చుక్క అవుతుంది. అందుకే నిజమైన నీటితో చారలు దింపాలని చూస్తే మడుగులు కడతాయి. వాన చేసే పని కుంచెతోనే చేయాలి. అందుకు తుప్పు ఎక్కడ మొదలై ఎటు సాగుతుందో ముందు తెలియాలి.

జింకు పూత పూసిన కొత్త జీఐ రేకు మెరుపు త్వరగానే పోతుంది. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి జింకు మీద బూడిదరంగు కార్బనేట్ పొర కడతాయి. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. బాయిలర్ పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి ఆమ్లమై దాన్ని కరిగిస్తే, వాన కడిగేస్తుంది. రేకు మీద రేకు ఎక్కిన ఇరుకులో నీరు త్వరగా ఆరదు. కోసిన అంచుల్లో, బోల్టు రంధ్రాల చుట్టూ పూత బలహీనం. ఎరుపు ముందు ఈ చోట్లే తేలి, రేకు ఏటవాలు వెంట పలచబడుతూ కిందికి సాగుతుంది. కప్పంతా ఒకే తుప్పురంగు పూస్తే అబద్ధంగా ఉంటుంది. పాత రేకుల మధ్య ఈమధ్యే మార్చిన రేకు ఒకటి పెడితే ఆ షెడ్డులో ఇంకా పని నడుస్తున్నట్టు అనిపిస్తుంది.

పిట్టగోడల నలుపంతా పొగ కాదు. తడి నిలిచే సిమెంటు మీద సయనోబాక్టీరియా పెరుగుతాయి. ఎండ తాకిడికి అవి చేసుకునే ముదురు రంగు పదార్థం గోడను నల్లబరుస్తుంది. నైరుతి గాలికి ఎదురయ్యే పడమటి గోడ మీద ఆ చారలు ఎక్కువ వేయాలి.

గోడ అడుగున వాన చిమ్మిన మట్టి గీత ఉంటుంది. దాని రంగు ఎర్రనా, నల్లనా? ఈ ప్రాంతంలో రెండూ ఉన్నాయి. పటాన్‌చెరులో 1972లో మొదలైన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలోనే ఎర్రనేలలూ నల్లరేగళ్లూ పక్కపక్కన ఉన్నాయి. మీ షెడ్డు నిలిచిన చోటి మట్టినే తెచ్చి పలుచని బట్టలో జల్లించండి. అర మిల్లీమీటరు ఇసుక రేణువు కూడా ఈ కొలతలో 4 సెంటీమీటర్ల కంకర రాయి. మోకాలెత్తు చిమ్మిన మరకకు 5, 6 మిల్లీమీటర్లు చాలు.

ఇక రేకులు. జీఐ రేకు అలల మధ్య దూరం 76 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో 0.87. ఎం5 బోల్టు మరల మధ్య 0.8 ఉంటుంది. మెత్తని రబ్బరు మీద అల్యూమినియం ఫాయిల్ పరచి ఆ బోల్టును దొర్లిస్తే రేకు తయారు. గీతలు కాస్త వాలుగా పడతాయి కనుక వాటి వెంటే కత్తిరించాలి. సిమెంటు రేకుకు 146 మిల్లీమీటర్ల అల, నమూనాలో 1.68. దానికి 1.75 మరల ఎం12 బోల్టు సరిపోతుంది. రంగు కోసం మాత్రం పాత సిమెంటు రేకును ఎన్నడూ గీకి పొడి తీయకండి. అందులోని ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. బూడిదరంగు సుద్దపొడి అదే రంగునిస్తుంది. దాన్ని పూసేటప్పుడు కూడా ముక్కుకు మాస్కు ఉండాలి.