నాలుకపై నలుపు ఏం చెబుతుంది?

నాలుక మీద మచ్చ ఉన్నవారు ఏమంటే అది జరుగుతుందని పెద్దలు చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. మరి క్యాన్సరుకు మందు తీసుకుంటున్నవారి నాలుక మీద, గోళ్ళ మీద కొత్తగా నలుపు కనిపిస్తే? జబ్బు పాకిందని ఇంటివారు బెదిరిపోతారు. అంటుకుంటుందేమోనని ఇరుగుపొరుగువారు దూరం జరుగుతారు. ఈ భయాల్లో నిజమెంత?

నల్లపాడు చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయలు ఎండబోసేవారిని చూడండి. కొద్ది రోజులకే వారి చేతులు నల్లబడతాయి. చర్మంలోని వర్ణకణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేయడమే ఇందుకు కారణం. ఈ కణాలు నాలుకలో, చిగుళ్ళలో, గోటి మొదట్లో కూడా ఉంటాయి. కొన్ని కీమోథెరపీ మందులు వీటిని ప్రేరేపిస్తాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ మందులవల్ల గోళ్ళు, నాలుక, చిగుళ్ళు నల్లబడవచ్చు. ఫ్లోరోయురాసిల్ ఎక్కించిన సిర వెంబడి చర్మంపై నల్లని గీత ఏర్పడవచ్చు. బ్లియోమైసిన్ తీసుకున్న కొందరి వంటిపై కొరడా దెబ్బల వంటి చారలు తేలతాయి.

ఇమాటినిబ్ సంగతి వేరు. ఒక రకం రక్తక్యాన్సరుకు వాడే ఈ మందును 2003లో హైదరాబాదులోని నాట్కో సంస్థ వీనాట్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. వర్ణకణాలకు అవసరమైన 'కిట్' అనే ప్రోటీనును ఇది అడ్డుకుంటుంది. అందుచేత కొందరి చర్మం రంగు తగ్గి తెల్లబడుతుంది. వింత ఏమిటంటే, కొందరికి అంగిలి మాత్రం నీలి నలుపుగా మారుతుంది!

మందువల్ల వచ్చిన ఈ నలుపు అంటువ్యాధి కాదు, పాకిన క్యాన్సరూ కాదు. చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది. కొందరిలో కొంత మిగలవచ్చు. గోటి చార ఎలా పోతుందో తెలియాలంటే గోరింటాకు పెట్టుకున్న గోరును గమనించండి. మొదట్లో కొత్త గోరు తెల్లగా పెరుగుతుంది. ఎర్రదనం నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు జరిగి, ఆరు నెలల్లో పూర్తిగా పోతుంది. మందు చార కూడా అంతే.

మచ్చను చూసి భయపడి మందు మధ్యలో మానేయడమే అసలు ప్రమాదం. అయితే ఏ కొత్త మచ్చనైనా డాక్టరుకు చూపించాలి. పుండు, నొప్పి, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. చర్మానికి ఎండ తగలకుండా చూసుకోవాలి. తెల్లబరిచే క్రీములు సొంతంగా పూయరాదు.

మీ వీధిలో అటువంటివారుంటే వెళ్ళి పక్కన కూర్చోండి. నలుపు ఎందుకు వచ్చిందో ఇంటివారికి మీరే చెప్పండి. చదివిన సైన్సు ఒకరి భయం పోగొడితే అంతకన్నా ఏం కావాలి?